హెడ్‌ఫోన్లూ, సంఘం అప్పూ

నారాయణపేట దగ్గర ఒక ఊళ్ళో మహిళా సంఘం సమావేశం ముగిశాక ఒకామె నన్ను పక్కకి పిలిచింది. "అక్కా, నీ బిడ్డకు ఆ పాటలు ఇనిపిస్తే తగ్గిందన్నవ్ గద. మావోనికి నాలుగు నెలల సంది ఇనిపిస్తున్న. ఇంకెన్ని దినాలు పడ్తది?" అని అడిగింది. కొడుక్కి ఆరేళ్ళు. పిండిగిర్ని ఆడినా, పెండ్లి ఊరేగింపులో డీజే మోగినా చెవులు మూసుకుని నేలమీద పడి దొర్లుతాడు. బడిలో గంట కొడితే బయటికి పరుగెడతాడు. భర్త పుణెలో కట్టడం పనికి పోయాడు. ఆమె సంఘంలో అప్పు తీసుకుని, నగరంలోని ఒక కేంద్రం నుంచి హెడ్‌ఫోన్లూ పాటలూ కొనుక్కొచ్చింది. అంతకు ముందు ఏడాది అదే సంఘంలో కూర్చుని మా అమ్మాయి కథ చెప్పింది నేనే.

కాబట్టి ముందు నా సంగతి చెప్పాలి. మా అమ్మాయికి చిన్నప్పుడు కుక్కర్ కూతంటే ప్రాణం పోయేంత భయం. వినికిడి పరీక్ష చేయిస్తే లోపమేమీ లేదన్నారు. చెవికి, కంటికి, చర్మానికి అందేదాన్ని మెదడు సర్దుకోవడంలో ఇబ్బంది ఉందన్నారు. ఒక చికిత్సా కేంద్రం వాళ్ళు, ప్రత్యేకంగా మార్చిన సంగీతాన్ని రోజుకి రెండు అరగంటలు వినిపిస్తే అంతా దారికొస్తుందన్నారు. సోషియాలజీలో డాక్టరేట్ చేసినదాన్ని, ఊళ్ళలో తిరిగి అందర్నీ ప్రశ్నలడిగేదాన్ని, "దీనికి ఆధారమేమిటి?" అని మాత్రం అడగలేదు. ఒక నెల జీతం కట్టేశాను. మూడు నెలలకి పిల్ల కొంత నెమ్మదించింది. కానీ ఆ గంటసేపూ నేను ఫోన్ పక్కన పెట్టి, వంట ఆపి, పిల్లని ఒళ్ళో కూర్చోబెట్టుకునేదాన్ని. ఆ నెమ్మది సంగీతం వల్ల వచ్చిందో, నా ఒడి వల్లో, పెరుగుతున్న వయసు వల్లో నేను తేల్చి చెప్పలేను. సంఘంలో మాత్రం "తగ్గింది" అనేశాను.

ఈ పద్ధతి ఫ్రాన్సులో పుట్టింది. ఆల్‌ఫ్రెడ్ టొమాటిస్ అనే చెవి, ముక్కు, గొంతు డాక్టరు మొదలుపెట్టాడు. ఆ తర్వాత గై బెరార్ అరగంట చొప్పున 20 సార్లు, మొత్తం 10 గంటల శిక్షణగా దాన్ని మార్చాడు. 1991లో అనబెల్ స్టెలి అనే తల్లి, తన కూతురు ఈ చికిత్సతోనే బాగుపడిందని పుస్తకం రాయడంతో అమెరికాలో దీనికి ఎక్కడలేని గిరాకీ వచ్చింది. 1998లో అక్కడి పిల్లల వైద్యుల సంఘం, దీని గొప్పలకు ఆధారాలు లేవనీ, పరిశోధనలో తప్ప వాడవద్దనీ చెప్పింది. 2011లో కొక్రేన్ సమీక్ష అప్పటిదాకా జరిగిన ప్రయోగాలన్నీ చూసి, ఆటిజం ఉన్నవాళ్ళకు శబ్ద చికిత్సలు పనిచేస్తాయనడానికి రుజువు లేదని తేల్చింది. అంటే పిల్లల బాధ అబద్ధమని కాదు. శబ్దానికీ స్పర్శకీ విపరీతంగా స్పందించడాన్ని 2013లో ఆటిజం లక్షణాల్లోనే చేర్చారు. బాధ నిజమే. అమ్ముతున్న మందు సంగతే అనుమానం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది వేరు. టొమాటిస్ లెక్కన వినడం తల్లి కడుపులోనే, తల్లి గొంతుతోనే మొదలవుతుంది. అందుకని తల్లి గొంతును రికార్డు చేసి, వడకట్టి పిల్లలకు వినిపించేవాడు. 1967లో బ్రూనో బెటెల్‌హైమ్, తల్లుల మనసులో ప్రేమ లేకపోవడమే ఆటిజానికి మూలమని ఏకంగా పుస్తకమే రాశాడు. ఆ నిందని 1964లోనే తిప్పికొట్టిన బెర్నార్డ్ రిమ్‌లండ్, ఒక ఆటిస్టిక్ కొడుకు తండ్రి, 1990లలో బెరార్ పద్ధతిని వెనకేసుకొచ్చాడు. బిడ్డ కోసం తపించేవాళ్ళు ఎంత చదివినా ఆశపడతారు. నేనూ అంతే. ఇక పాలమూరులో ఈమె అత్త ఏమంటుందంటే, కడుపుతో ఉన్నప్పుడు కోడలు గ్రహణం చూసిందట.

నల్లగొండ వైపు మరో తల్లి కొడుకుని జాన్‌పహాడ్ దర్గాకి తీసుకెళ్ళి కందూరు చేసింది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం కనక ఆమెకైన ఖర్చు కందూరుదే. నేను చేసింది అంతకంటే శాస్త్రీయమని ఇప్పుడు అనలేను, ఖరీదైనదని మాత్రం అనగలను. ఖర్చంటే డబ్బొక్కటే కాదు. పత్తి తీతలో కూలి కిలోల లెక్కన ఇస్తారు. రోజుకో గంట పిల్లవాడి పక్కన కూర్చుంటే ఎన్ని కిలోలు పోతాయో లెక్క వేసుకోండి. ఈ చికిత్సల పుస్తకాల్లో 'ఇంటి దగ్గర చేయించాలి' అని ఉంటుంది. చేయించేది ఎవరో రాయరు.

2016 వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. 1995 చట్టంలో లేని ఆటిజం ఇందులో ఉంది. శబ్దం భరించలేకపోవడం ఒక్కటే ఉన్న పిల్లవాడికి మాత్రం ఏ సర్టిఫికెట్టూ లేదు. అందుకే ముందు పరీక్ష జరగాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద అంగన్‌వాడీలో, బడిలో పిల్లలను చూసి జిల్లా సత్వర చికిత్సా కేంద్రానికి పంపాలి. మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. ఆటిజం అని తేలితే నేషనల్ ట్రస్ట్ వారి నిరామయ బీమా లక్ష రూపాయల దాకా చికిత్సలకు వర్తిస్తుంది. వీటిలో ఒక్కటీ ఆమెకు తెలియదు. మూడేళ్ళుగా ఆ ఊరికి వెళ్తున్న మేమెవరమూ చెప్పలేదు.

పిల్లవాడికే ఎందుకు చికిత్స? ఊరికి వద్దా? 2000 నాటి శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ఇళ్ళున్న చోట పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదు. ఆ డీజే పెట్టెల మీద ఎవరూ ఫిర్యాదు చేయలేదు. ఆ ఫిర్యాదు కాగితం రాయడం మన సంఘాలకు చేతకాని పనేం కాదు.

ఆమెకు నిజం చెప్పాను. నా బిడ్డకు ఎందుకు తగ్గిందో నాకే తెలియదనీ, ఆ పాటలు ఆపేసినా నష్టం లేదనీ, కొడుకుని జిల్లా ఆసుపత్రికి నేనే తీసుకెళ్తాననీ అన్నాను. చాలాసేపు మాట్లాడలేదు. తర్వాత, "పాటలు బంద్ పెట్టి వారమైందక్కా. ఉత్తగనే చెవులకు తగిలిచ్చుకుంటడు, గిర్ని నడిసేటప్పుడు. అప్పుడు ఏడ్వడు" అంది. ఇంకా ఏడు కిస్తులు కట్టాలట.