బ్యాటరీ బండికి రాయితీ: ఎవరికి, ఎంత?

పచ్చ నంబరు ప్లేటుతో, చప్పుడు లేకుండా వెళ్ళే వాహనాలను మీరు చూసే ఉంటారు. అవి విద్యుత్ వాహనాలు. తెలంగాణ ప్రభుత్వం 2024 నవంబరులో వీటికి రోడ్డు పన్ను, రిజిస్ట్రేషన్ రుసుము పూర్తిగా మాఫీ చేసింది. గడువు 2026 డిసెంబరు 31. దీని గురించి తరగతిలో చెబుతుంటే ఒక విద్యార్థి లేచి, "మాస్టారూ, బండి కొనుక్కునేది వాళ్ళు. పన్ను వదులుకోవడం దేనికి?" అని అడిగాడు. అడగవలసిన ప్రశ్నే.

ముందు సైన్సు చూద్దాం. పెట్రోలులోని శక్తిలో దాదాపు నాలుగో వంతు మాత్రమే చక్రాలను తిప్పుతుంది. మిగిలినది వేడిగా పోతుంది. విద్యుత్ మోటారు తనకు అందిన శక్తిలో నూటికి 80 పాళ్ళకు పైగా పనిగా మారుస్తుంది. బండి వేగం తగ్గించేటప్పుడు మోటారే జనరేటరుగా మారి, కొంత శక్తిని తిరిగి బ్యాటరీకి పంపుతుంది.

అయితే తొందరపడి సంబరపడకూడదు. మన దేశపు విద్యుత్తులో ఎక్కువ భాగం బొగ్గు నుంచే వస్తోంది. బొగ్గు కేంద్రంలో కూడా సుమారు మూడింట రెండు వంతుల వేడి వృథా అవుతుంది. రెండు లెక్కలూ కలిపితే తేడా చాలావరకు తగ్గిపోతుంది. అయినా రెండు లాభాలున్నాయి. బడి ముందు, బజారులో మన ముక్కు దగ్గర పొగ ఉండదు. రేపు సూర్యరశ్మి, గాలి నుంచి వచ్చే విద్యుత్తు పెరిగితే ఈ బండే మరింత శుభ్రంగా నడుస్తుంది. పెట్రోలు బండికి ఆ అవకాశం లేదు.

కనుక ప్రోత్సాహం అవసరమే. నార్వే దేశం 1990 నుంచి ఇటువంటి కార్లకు పన్నులు తగ్గిస్తూ వచ్చింది. 2001లో అమ్మకపు పన్ను తీసేసింది. 2024లో అక్కడ కొత్తగా అమ్ముడైన ప్రతి పది కార్లలో దాదాపు తొమ్మిది విద్యుత్ కార్లే. వాళ్ళ విద్యుత్తు ఎక్కువగా జలవిద్యుత్తు కావడం వాళ్ళ అదృష్టం.

కాని నార్వే 2023లో ఇంకొకటి చేసింది. కారు ధరలో 5 లక్షల క్రోనర్లు దాటిన భాగంపై మళ్ళీ పన్ను విధించింది. మనం నేర్చుకోవలసింది ఇదేనని నా అభిప్రాయం. లెక్క సులభంగా ఉండటానికి పన్ను 10 శాతం అనుకోండి. లక్ష రూపాయల స్కూటరు కొన్నవారికి మిగిలేది 10 వేలు. 50 లక్షల కారు కొన్నవారికి మిగిలేది 5 లక్షలు! సాయం లేకున్నా కొనగలవారికే పెద్ద సాయం అందుతోందన్నమాట. పైగా సొంత కారు రోజులో ఎక్కువసేపు నిలబడే ఉంటుంది. ఆటో, బస్సు పొద్దస్తమానం తిరుగుతాయి. ఖర్చు చేసిన ప్రతి రూపాయికీ అక్కడే ఎక్కువ ఇంధనం ఆదా అవుతుంది. కేంద్ర ప్రభుత్వం 2024 అక్టోబరులో మొదలుపెట్టిన పి.ఎం. ఇ-డ్రైవ్ పథకంలో సొంత కార్లకు చోటు లేదు. 10,900 కోట్ల రూపాయలలో 4,391 కోట్లు బస్సులకే కేటాయించారు. ఇది సరైన దారి.

కార్లు అమ్ముడైతేనే బ్యాటరీల ధర తగ్గుతుందని కొందరంటారు. అందులో నిజం ఉంది. అందుకే రాయితీ రద్దు చేయమనడం లేదు, ధరకు ఒక హద్దు పెట్టమంటున్నాను. వదులుకున్న పన్ను కూడా ప్రజల సొమ్మే కదా!

ఈ ఆదివారం మీ వీధి చివర ఒక గంట నిలబడి, పచ్చ ప్లేట్లున్న స్కూటర్లు, ఆటోలు, కార్లు, బస్సులు ఎన్ని వెళ్ళాయో లెక్కపెట్టండి. రాయితీ ఎవరికి చేరుతోందో మీకే కొంత అర్థమవుతుంది.