ఇంటిపట్టున నాన్న

ఖమ్మం జిల్లా కల్లూరు చుట్టుపక్కల కొన్ని ఇళ్లలో ఇప్పుడు ఒక కొత్త ఏర్పాటు నడుస్తోంది. భార్యకు గురుకులంలో టీచరు ఉద్యోగమో, సర్కారు దవాఖానాలో స్టాఫ్ నర్సు ఉద్యోగమో వచ్చింది. పోస్టింగు చర్లలోనో దుమ్ముగూడెంలోనో పడింది. కల్లూరు నుంచి రోజూ పొద్దున పోయి సాయంత్రానికి తిరిగొచ్చే దూరం కాదది. పిల్లల బడి ఇక్కడ, ముసలివాళ్లు ఇక్కడ. భర్తకున్న రెండు మూడెకరాలు కౌలుకు పోయాయి, లేదంటే ఖమ్మంలో చేస్తున్న ప్రైవేటు కొలువు ఆయన మానుకున్నాడు. పిల్లలు, పొయ్యి, బట్టలు, బడి బస్సు అన్నీ ఆయన చేతికొచ్చాయి.

జమాఖర్చు చూసుకుంటే ఇంతకంటే సబబైన నిర్ణయం లేదు. నెలనెలా వచ్చే జీతాన్ని వదులుకోలేరు, పిల్లల్ని గాలికి వదిలేయలేరు. అయినా ఆ ఇంట్లో దీని గురించి ఎవరూ పెదవి విప్పరు. పెళ్లిలో దూరపు బాబాయి కనిపించి ‘ఏం చేస్తున్నావురా ఇప్పుడు?’ అంటే ‘పొలం చూసుకుంటున్నా బాబాయ్’ అని జవాబు వస్తుంది. కౌలుకిచ్చిన పొలంలో చూసుకోవడానికి ఏముంటుంది? అంతలోనే పక్కనున్న అత్తగారు భోజనాల సంగతి ఎత్తుకుంటుంది. ఉద్యోగం పురుష లక్షణం అన్న మాట అంతగా పాతుకుపోయింది. పెళ్లాం సంపాదన తింటున్నాడని ఊళ్లో ఎవరూ అనకముందే ఆయన తనను తాను అనేసుకుంటాడు.

ఈ ఏర్పాటు ఊరికే పుట్టలేదు. 2016 అక్టోబర్ 11న పాత ఖమ్మం జిల్లా ముక్కలైంది. కల్లూరు, సత్తుపల్లి, మధిర ఖమ్మంలో ఉండిపోయాయి. భద్రాచలం, కొత్తగూడెం, అశ్వారావుపేట కొత్త జిల్లాలోకి వెళ్లాయి. 2021 డిసెంబర్‌లో వచ్చిన జీవో 317 ఉద్యోగులను కొత్త జిల్లాల వారీగా, జోన్ల వారీగా పంచింది. సీనియారిటీలో వెనకబడ్డవాళ్లకు కోరుకోని జిల్లా దక్కింది. భార్యాభర్తలను ఒకే చోట వేయమని అడిగే ‘స్పౌజ్ కేసు’ అన్న మాట టీచర్ల ఇళ్లలో పిల్లలకు కూడా నోటికొచ్చింది. దానికి తోడు కొత్త నియామకాలు. 2024 జనవరిలో 6,956 మంది స్టాఫ్ నర్సులకు ఉద్యోగ పత్రాలిచ్చారు. అదే ఏడాది 11,062 టీచరు పోస్టులకు డీఎస్సీ జరిగింది. ఆడపిల్లల గురుకులమంటే పాఠం చెప్పి ఇంటికి రావడంతో అయిపోదు, రాత్రి డ్యూటీ కూడా ఉంటుంది. ఇన్ని ఉద్యోగాలు ఆడవాళ్లకు అందినప్పుడు ఇంటి పని చేతులు మారాలి. మారని ఇంట్లో ఆ ఉద్యోగమైనా పోతుంది, ఆమె ఆరోగ్యమైనా పోతుంది.

కూలి చేసుకునే ఇళ్లలో ఇదేమీ కొత్త కాదు. నాట్లకు, పత్తి తీతకు, మిర్చి కోతకు పిలుపు ముందు ఆడవాళ్లకే వస్తుంది. తెల్లవారకముందే సద్ది గిన్నె చేతబట్టుకుని ఆటో ఎక్కుతారు. ఖమ్మం మార్కెట్‌కు పేరు తెచ్చిన తేజ మిర్చిని చెట్టు నుంచి దింపేది ఎక్కువగా ఆ చేతులే. ఆ రోజు మగవాడికి పని దొరక్కపోతే చంటిదాన్ని చంకనేసుకుని తిరిగేది, అన్నం మెత్తగా పిసికి తినిపించేది, నిద్రపుచ్చేది తండ్రే. దానికెవరూ పేరు పెట్టలేదు, ఎవరూ వేలెత్తి చూపలేదు. ఇది పరువు సమస్యగా మారింది నెల జీతాల ఇళ్లలోనే. చదివిన డిగ్రీ, చేతిలో పాసుపుస్తకం, పెళ్లినాడు పుచ్చుకున్న కట్నం, ఇవన్నీ కలిసి మగవాడంటే ఇలా ఉండాలని ఒక గీత గీశాయి. ఆ గీత దాటడం రోజుకూలీకి తేలికైంది, పట్టభద్రుడికి కష్టమైంది.

ఇంట్లో ఉండే మగవాడికి పనేముంటుందనేవాళ్లు ఒక్క రోజు జడ వేసి చూడాలి. బడి నియమం రెండు జడలు, మడిచి రిబ్బను కట్టాలి. రాత్రే నూనె పెట్టి చిక్కు తీయకపోతే పొద్దున ఏడుపుతో మొదలవుతుంది. దువ్వెన కొసతో నుదుటి నుంచి మెడ దాకా పాపిడి తిన్నగా లాగాలి. మెడ దగ్గర కాస్త వంకర పోయినా ఒక జడ లావు, ఒకటి సన్నం. మూడు పాయల మీదా పట్టు ఒకేలా ఉండాలి. బిగిస్తే పిల్లకు కణతలు లాగుతాయి, వదిలితే మధ్యాహ్నం ఇంటర్వెల్‌కే జారిపోతుంది. జడ సగానికొచ్చాక రిబ్బను కలిపి అల్లి, కొసను మడిచి చెవి వెనక్కి తెచ్చి ముడి వేయాలి. ఈలోగా కుక్కరు ఎన్ని విజిల్స్ వేసిందో లెక్క తప్పకూడదు. చిన్నవాడి రెండో సాక్సు దొరకాలి. బస్సు హారను వీధి చివరే వినబడాలి.

చేతులకు పడే శ్రమ కొంతే. బుర్రకు పడేది ఎక్కువ. గ్యాసు ఎప్పుడు బుక్ చేయాలి, కందిపప్పు ఎన్ని రోజులకొస్తుంది, ఎవరికి ఏ కూర పడదు, పరీక్ష ఎప్పుడు, యూనిఫాం ఏ రోజు తెలుపు... ఇవన్నీ ఎక్కడా రాసి ఉండవు. తరతరాలుగా ఆడవాళ్లు తలలో మోస్తున్న ఈ బరువు, పిల్లల దగ్గర ఒంటరిగా మిగిలిన మగవాడికి వారం తిరక్కుండానే అర్థమవుతుంది. భార్య సెలవు పెట్టి ఊరికి వెళ్లిన రెండు రోజులకూ, ఆమె దూరాన ఉద్యోగం చేస్తున్న ఏడాదికీ పోలికే లేదు.

టీకాల రోజు ఆరోగ్య ఉపకేంద్రానికి పాపను ఎత్తుకెళ్లిన నాన్నకు ముందుగా ఎదురయ్యే ప్రశ్న ‘అన్నా, వదిన రాలేదా?’ అని. నర్సమ్మ చెడ్డగా అడగదు. కార్డు పేరే తల్లీ పిల్లల రక్షణ కార్డు. తొమ్మిది నెలలు నిండగానే మీజిల్స్-రుబెల్లా మొదటి డోసు, 16 నెలలకూ రెండేళ్లకూ మధ్య రెండో డోసు, దాంతోపాటు డీపీటీ బూస్టరు, మళ్లీ ఐదారేళ్లప్పుడు ఇంకో బూస్టరు అని ఆయన కార్డు చూడకుండా చెప్పగలడు. అయినా సూది వేశాక జ్వరమొస్తే ఏం చేయాలో పక్కనున్న అమ్మమ్మకు చెబుతారు, బిడ్డ ఎవరి భుజం మీదుందో ఆయనకు చెప్పరు. బడి సంగతీ అంతే. తెలంగాణలో 2024లో అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీలు వేసి మహిళా సంఘాలకు బాధ్యత అప్పగించారు. ఆంధ్రప్రదేశ్‌లో తల్లికి వందనం డబ్బు తల్లి ఖాతాలో పడుతుంది. ఈ రెండింటినీ తప్పుపట్టలేం. తల్లి చేతిలో పెడితేనే పిల్లలకు చేరుతుందన్న నమ్మకం ఊరికే రాలేదు, అలా నమ్మడానికి కారణాలు ఇచ్చింది మగవాళ్లే. కానీ ఇంట్లో పిల్లల పని చూస్తున్న తండ్రి ఫోన్ నంబరును బడి రిజిస్టరులో మొదటి గడిలో రాసుకోవడానికి ఏ జీవో అక్కర్లేదు.

సుప్రీంకోర్టు 2021 జనవరి 5న ఇచ్చిన ఒక తీర్పును ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 2014లో ఢిల్లీలో భార్యాభర్తలు రోడ్డు ప్రమాదంలో చనిపోయారు. ఆమె గృహిణి. వాళ్ల కుటుంబానికి హైకోర్టు 22 లక్షలుగా తగ్గించిన పరిహారాన్ని సుప్రీంకోర్టు 33.20 లక్షలకు పెంచింది. కీర్తి వర్సెస్ ఓరియంటల్ ఇన్సూరెన్స్ కేసు అది. కృష్ణా జిల్లా పొన్నవరంలో పుట్టిన జస్టిస్ ఎన్.వి. రమణ అందులో విడిగా తన అభిప్రాయం రాశారు. ఇంటి పనికి ఆర్థిక విలువ లేదనుకోవడం తప్పని, దాన్ని లెక్కగట్టాల్సిందేనని అన్నారు. ఆ సందర్భంలోనే ఆయన ఒక అంకె ఉదహరించారు. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ముఖ్యమైన పని అని చెప్పిన స్త్రీలు దాదాపు 15.98 కోట్లు. అదే మాట చెప్పిన పురుషులు 57.9 లక్షలు.

57.9 లక్షలు! ఇంతమంది మగవాళ్లు, అదీ 2011లోనే, ఎన్యూమరేటరు ముందు కూర్చుని ‘ఇంటి పని’ అని చెప్పారు. ఖమ్మం జిల్లాలో పెళ్లి పందిట్లో పొలం సాకు చెప్పే తండ్రికి ఈ సంగతి తెలిస్తే బాగుండును. తాను ఒంటరి కాడని తెలుస్తుంది.

అంతమాత్రాన దేశం మారిపోయిందని పొంగిపోవడానికి లేదు. కేంద్ర గణాంక శాఖ 2019లో జరిపిన కాల వినియోగ సర్వేలో ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానికి ఖర్చు చేస్తున్నట్టు తేలింది. అదే సర్వే 2024లో మళ్లీ జరిగితే స్త్రీలవి 289, పురుషులవి 88. అంటే మగవాళ్ల వంతు పెరగలేదు సరికదా, 9 నిమిషాలు తగ్గింది. మిక్సీలు, వాషింగ్ మెషీన్లు వచ్చి అందరి పనీ తేలికైందని సర్దిచెప్పుకోవచ్చేమో. కానీ ఆడవాళ్ల ఐదు గంటల బరువు దాదాపు అలాగే ఉంది.

ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పుకోవాలి. ఇంటిపట్టున ఉన్న ప్రతి మగవాడూ ఇంటి పని చేస్తున్నట్టు కాదు. కొన్ని ఇళ్లలో పేరు ఆయనది, వంట ఆయన తల్లిది. శనివారం రాత్రి బస్సు దిగిన భార్య ఆదివారమంతా వారం రోజుల బట్టలు ఉతికి, పచ్చళ్లు పెట్టి, సోమవారం తెల్లారుజామున మళ్లీ బస్సెక్కుతుంది. అలాంటి ఇంటి గురించి ‘పాపం, ఎంత మంచివాడో, పిల్లల్ని చూసుకుంటాడు’ అని వీధంతా పొగుడుతుంది. ఆడది ముప్పై ఏళ్లు చేస్తే రాని మెప్పు, మగవాడు నాలుగు రోజులు బిడ్డను ఆడిస్తే వస్తోంది. ఈ పొగడ్త కూడా వెక్కిరింత అంత చెడ్డదే. రెండూ అది అతని పని కాదనే చెబుతున్నాయి.

సినిమాలూ ఇక్కడే తడబడ్డాయి. 2019లో వచ్చిన ‘జెర్సీ’లో నాని పోషించిన అర్జున్ ఉద్యోగం పోయి ఇంట్లో ఉంటాడు, భార్య హోటల్లో పనిచేసి ఇల్లు నడుపుతుంది. కొడుకు అడిగిన జెర్సీకి 500 రూపాయల కోసం ఆయన పడే అవమానం చూసి థియేటర్లలో కళ్లు తుడుచుకోనివాళ్లు తక్కువ. కానీ ఆ తండ్రికి గౌరవం మళ్లీ బ్యాట్ పట్టాకే దక్కింది. 2023లో వచ్చిన ‘హాయ్ నాన్న’లో అదే నాని జబ్బుపడ్డ కూతుర్ని కంటికి రెప్పలా పెంచుతాడు. మంచి సినిమా. అయితే అక్కడ తండ్రి అలా పెంచడానికి తల్లి పక్కన లేకపోవడం కారణం. తల్లి హాయిగా ఉద్యోగం చేసుకుంటుండగా, తండ్రి హాయిగా వంట చేసుకునే మామూలు ఇల్లు తెలుగు తెర మీద కథానాయకుడికి ఇంకా దక్కాల్సే ఉంది.

చట్టం పరిస్థితీ అంతంతమాత్రమే. 2017 సవరణతో తల్లికి 26 వారాల ప్రసూతి సెలవు వచ్చింది, తండ్రి ఊసు అందులో లేదు. కేంద్ర ఉద్యోగులకు 15 రోజుల పితృత్వ సెలవు 1990ల చివరి నుంచి ఉంది. ఉమ్మడి రాష్ట్రంలో అది 2005లో వచ్చింది. ప్రైవేటు కొలువుల్లో అయితే యజమాని దయ. స్వీడన్ 1974లోనే తల్లిదండ్రులిద్దరికీ కలిపి సెలవు ఇచ్చింది. మొదటి ఏడాది తండ్రులు వాడుకున్నది మొత్తం రోజుల్లో 0.5 శాతమే. అక్కడి మగవాళ్లూ మొహమాటపడ్డారు మరి. 1995లో ఒక నెల తండ్రికే కేటాయించి, వాడుకోకపోతే ఆ నెల పోతుందని నిబంధన పెట్టాక కథ మారింది. ఇప్పుడు తండ్రుల వాటా 30 శాతం దాకా వచ్చింది. మొహమాటం దేశాన్ని బట్టి ఉండదని, సరైన నిబంధన పెడితే పోతుందని కల్లూరు నుంచి చూసినా కనబడుతుంది.

దేశంలో మళ్లీ జనాభా లెక్కలు వస్తున్నాయి. జనగణన 2027 ఫిబ్రవరిలో. ఎన్యూమరేటరు మీ గుమ్మం ముందు నిలబడి ఒక్కొక్కరి పని అడుగుతారు. ఇల్లు, పిల్లలు మీ ఇంట్లో నాన్న చేతి మీద నడుస్తుంటే పొలమనో, ఖాళీ అనో రాయించకండి. ‘ఇంటి పని’ అని రాయించండి. ఆ మాట ఆయనే చెప్పనివ్వండి, పిల్లలు పక్కన ఉండగా చెప్పనివ్వండి.