వక్ఫ్ భూమి, ఆడబిడ్డ వాటా: రెండూ అమానతే!

వక్ఫ్ భూమి మీద ఎవరి చెయ్యి పడినా ముస్లిం బస్తీ కదులుతుంది. కదలాల్సిందే. 2025లో చినకాకాని దగ్గర గుంటూరు అంజుమన్-ఎ-ఇస్లామియాకు ఉన్న 70 ఎకరాల పైచిలుకు భూమిని పరిశ్రమల పేరుతో లీజుకిచ్చే ప్రయత్నాన్ని ముస్లింలు వ్యతిరేకించారు. ఆ కోపం న్యాయమైనది. ఒకసారి అల్లా పేర అంకితమైన ఆస్తిని అమ్మరాదు, బహుమతిగా ఇవ్వరాదు, వారసులు పంచుకోరాదు. రాబడి మాత్రం దాత చెప్పిన పనికే పోవాలి. ముతవల్లీ కాపలాదారే గానీ యజమాని కాడు. ఇనాముల రద్దు చట్టం కింద పట్టా పుట్టినంత మాత్రాన వక్ఫ్ చెరిగిపోదని, ఒకసారి వక్ఫ్ అయినది ఎప్పటికీ వక్ఫేనని సుప్రీంకోర్టు 1998లోనే మన రాష్ట్రం కేసులో తేల్చి చెప్పింది.

సరే. అదే షరియత్ మరో ఆస్తికీ ఇంతే గట్టి కంచె వేసింది. అది ఆడబిడ్డ వాటా. దాని మీద చెయ్యి పడినప్పుడు కదిలే బస్తీ ఏది?

ఖురాన్ నాలుగో అధ్యాయం వాటాలను లెక్క కట్టి మరీ చెప్పింది. 8 ఎకరాల మిర్చి చేను వదిలి ఒక రైతు చనిపోయాడనుకుందాం. తల్లిదండ్రులు లేరు. భార్య, ఇద్దరు కొడుకులు, ముగ్గురు కూతుళ్లు ఉన్నారు. అప్పులు, మహర్ బాకీ తీరాక భార్యకు ఎనిమిదో వంతు, అంటే 1 ఎకరం. కొడుకులకు చెరి 2 ఎకరాలు, కూతుళ్లకు తలా ఒక ఎకరం. కొడుకు వాటాలో కూతురిది సగమేనన్న విమర్శ వేరే చర్చ. ఆ సగమైనా చేతికొస్తోందా అన్నది మా ప్రశ్న.

చట్టం లేదనడానికి వీల్లేదు. 1937 నాటి షరియత్ చట్టం వ్యవసాయ భూమిని మినహాయించింది. ఆ మినహాయింపును మద్రాసు రాష్ట్రం 1949లో తీసేసింది. అప్పటికి గుంటూరు మద్రాసు రాష్ట్రంలోనే ఉంది. అంటే ఇక్కడి పత్తి చేలో, మిర్చి చేలో కూతురికి వాటా ఉందని చట్టం చెప్పి ఏడు దశాబ్దాలు దాటింది. అయినా కట్నమిచ్చాం కదా, పెళ్లి చేశాం కదా అంటూ చెల్లెలి చేత సంతకం పెట్టించుకునే అన్నలున్నారు. కట్నం షరియత్‌లో లేదు, వాటా ఉంది. లేనిదాన్ని చూపించి ఉన్నదాన్ని ఎగ్గొట్టడం ఏ ధర్మం?

దొడ్డిదారులూ ఉన్నాయి. వీలునామాతో మూడో వంతుకు మించి రాయడం కుదరదు కాబట్టి, బతికుండగానే కొడుకుల పేర హిబా రాస్తారు. బిడ్డల్లో ఒకరికే కానుక ఇవ్వబోయిన తండ్రిని ప్రవక్త వారించిన సంగతి అప్పుడు గుర్తుకు రాదు. సంతానం పేర రాసే వక్ఫ్‌నూ కొందరు ఇందుకే వాడుకున్నారు. ఆ కుటుంబ వక్ఫ్‌ను 1894లో ప్రీవీ కౌన్సిల్ కొట్టేస్తే, 1913 చట్టం తిరిగి నిలబెట్టింది. నిలబెట్టింది బిడ్డలందరి మేలు కోసం, ఆడబిడ్డలను తప్పించడానికి కాదు.

2025 వక్ఫ్ సవరణ చట్టం కుటుంబ వక్ఫ్ పేరుతో స్త్రీల వారసత్వాన్ని కాదనరాదంది. ఈ మాట మంచిదే. కానీ అదే చట్టం వక్ఫ్ చేయాలంటే అయిదేళ్లుగా ఇస్లాం పాటిస్తున్నట్టు చూపాలంది, ప్రభుత్వ భూమి వివాదాలను సర్కారు అధికారి చేతికే అప్పగించింది. 2025 సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులతో వీటిని ఆపింది. ఒక చేత్తో ఆడబిడ్డను చూపించి ఇంకో చేత్తో మాన్యాన్ని గుంజుకోవడాన్ని మేం ఒప్పుకోం. అలాగని మాన్యం పేరు చెప్పి ఆడబిడ్డను మరవడాన్నీ ఒప్పుకోం.

వాటా అడగడమంటే ఏమిటో మా పాఠకులకు వేరే చెప్పనక్కర్లేదు. అందుకే అడుగుతున్నాం. ఊరూరా వక్ఫ్ సర్వే నంబర్లు, కౌలు, రాబడి లెక్కలు మసీదు గోడ మీద అతికించాలి. చదువుకున్న విద్యార్థులు, ఉద్యోగులు ముందు తమ ఇంటి పాసుపుస్తకం తెరిచి అక్కచెల్లెళ్ల వాటా రాయించాలి. శుక్రవారం ప్రసంగాల్లో ఖాజీలు, ఇమాములు ఈ లెక్క విప్పి చెప్పాలి.

దర్గా మాన్యం తింటే కబ్జా. చెల్లెలి ఎకరం తింటే అదీ కబ్జాయే.