ఉమ్మడి ప్రింటరును తెలుగు ప్రశ్నపత్రమును

“ఈ ప్రింటరుకు తెలుగు రాదండీ” అను మాట మన సరిహద్దు ప్రాంతపు పాఠశాలలలో మేము పలుమారులు వినియున్నాము. తెలుగు ప్రశ్నపత్రమును అచ్చునకు పంపగా అక్షరములకు బదులు ఖాళీ గడులు బారులు తీరి వచ్చును. లేదా ఆంగ్లాక్షరములును ఏవేవో గుర్తులును కలగలిసిన అర్థములేని పంక్తులు వచ్చును. అంతట తెలుగు ఉపాధ్యాయుడు రాత్రి కూర్చుండి పత్రమును చేతితో వ్రాసి, మరునాడు జిరాక్సు తీయించి పంచును. పక్క గదిలోని తమిళ మాధ్యమపు పిల్లవాడు చక్కని అచ్చులో చదువుకొను ప్రశ్నను, మన పిల్లవాడు అలుకుకొనిపోయిన దస్తూరిలో వెదకికొనవలసి వచ్చుచున్నది. లెక్కల పత్రములో వర్గమును తెలుపు చిన్న ‘2’ కనబడకున్నచో మార్కులు పోవునవి ఎవరికి?

ఆ మాట సత్యము కాదని మా నిశ్చితాభిప్రాయము. ప్రింటరుకు తెలుగు రాకపోవుట యెంత నిజమో, తమిళము రాకపోవుటయు నంతే నిజము. అక్షరముల రూపములు సాధారణముగా కంప్యూటరులోని ఫాంటునుండి వచ్చును. డ్రైవరు అను ప్రోగ్రాము ఆ పుటను ప్రింటరు గ్రహింపగల రూపములోనికి మార్చి పంపును. ప్రింటరు దానిని బొమ్మను దింపినట్లు కాగితముపై దింపును. కావున దోషము ప్రింటరుది కాదు. ఏ కంప్యూటరులో ఆ పత్రమును తెరచితిమో దానిది.

పెక్కుచోట్ల జరుగునది యిది. ప్రింటరు గుమాస్తాగారి కంప్యూటరునకు తీగతో కట్టబడియుండును. తెలుగు ఉపాధ్యాయుడు తన గదిలో కూర్చిన పత్రమును పెన్‌డ్రైవులో నుంచుకొని అచ్చటికి పోవును. పత్రము పాతకాలపు ప్రచురణ ఫాంటులో నున్నచో, ఆ ఫాంటు ఆంగ్లాక్షరముల స్థానములలో తెలుగు రూపములను దాచినది గనుక, అది లేని కంప్యూటరులో ఆంగ్లాక్షరములే బయటపడును. యూనికోడు తన మొదటి కూర్పునందే, అనగా 1991 లోనే, తెలుగు అక్షరములకు వేరు సంఖ్యల నిచ్చినది. ఆ పద్ధతిని కూర్చినచో ఈ బాధ చాలవరకు తీరును. అయినను పూర్తిగా తీరదు. విండోస్ ఎక్స్‌పి కాలమునుండి పలువురు వాడుచున్న గౌతమి ఫాంటు, విండోస్ 10 నందు కోరి చేర్చుకొన్నగాని రాదు. దాని స్థానమున నిర్మల అను ఫాంటు వచ్చి కూర్చుండును. అక్షరములు చక్కగనే యుండును గాని పంక్తులు జరిగిపోయి, పుట చివరి ప్రశ్న రెండవ కాగితమునకు దుముకును.

ఇప్పుడు ప్రింటరును ఒక కంప్యూటరునకు గాక పాఠశాల నెట్‌వర్కునకు కలిపి, అన్ని కంప్యూటర్లనుండి పనిచేయునట్లు అమర్చితిమనుకొందము. తెలుగు ఉపాధ్యాయుడు తన ఫాంటున్న తన కంప్యూటరునుండియే పత్రమును పంపును. గుమాస్తాగారి కంప్యూటరులో ఏ ఫాంటున్నదో, లేదో, ఆయనకు పనిలేదు. ఉమ్మడి ప్రింటరువలన అందరికిని సౌకర్యమే. తెలుగువారికి మాత్రము అది సౌకర్యము కాదు, అవసరము.

అందుచేతనే, “తెలుగు విభాగమునకు చిన్న ప్రింటరొకటి చందాలతో వేరుగా కొని యిత్తుము” అని కొందరు తల్లిదండ్రులు చెప్పు సలహాతో మేము ఏకీభవింపజాలకున్నాము. వారి ప్రేమకు కృతజ్ఞులము. కాని ద్రవపు ఇంకు వాడు చిన్న ప్రింటరు వేసవి సెలవులలో పనిలేక పడియున్నచో దాని సన్నని రంధ్రములు ఎండి మూసుకొనును. జూనులో మరల ఖర్చు. కార్యాలయపు లేజరు యంత్రములో నుండునది పొడి. ఎండుటకు అందు తడి లేదు. ఇదియొక కారణము. అంతకన్న పెద్ద కారణము వేరే యున్నది. వేరు ప్రింటరు వచ్చిననాడు, పెద్ద ప్రింటరులో తెలుగు రాకపోవుట ఎవరికిని తప్పుగా తోచదు. “మీకు మీది యున్నది గదా” అందురు. పాఠశాల సొమ్ముతో కొన్న వస్తువునందు మన పిల్లలకు గల పాలును మనమే వదలుకొన్నవార మగుదుము.

ఉమ్మడి వస్తువునకు పెత్తనము ఒకరి చేతిలో నుండవలెను. కరెంటు పోయి వచ్చినప్పుడు రౌటరు ప్రింటరునకు క్రొత్త చిరునామా నిచ్చుటయు, కంప్యూటర్లన్నియు పాత చిరునామాను వెదకుచు “ఆఫ్‌లైన్” అని తెలుపుటయు కలదు. చిరునామాను స్థిరపరచినచో ఈ గొడవ యుండదు. వరుసలో ముందున్న పత్రము చిక్కుకొన్నచో వెనుకనున్న వన్నియు నిలిచిపోవును. అప్పుడు మరల మరల మీట నొక్కువారు పెక్కుమంది. చిక్కు వీడగానే నలుబది ప్రతులకు బదులు నూట యిరువది ప్రతులు వెలువడును! ప్రింటరును క్రొత్తగా చేర్చుటయు అందరివలన కాదు. 2021 లో విండోస్ ముద్రణ వ్యవస్థలో ప్రమాదకరమైన లోపము బయటపడిన పిమ్మట, ఉమ్మడి ప్రింటరు డ్రైవరును చేర్చుటకు అడ్మినిస్ట్రేటరు అనుమతి యుండవలెనని మైక్రోసాఫ్టు సంస్థ కట్టుదిట్టము చేసినది. ఇక ప్రశ్నపత్రము ట్రేలో పడియుండగా అటుగా పోవు పిల్లల మాట చెప్పనేల? రహస్య సంఖ్యను నొక్కినగాని ముద్రింపని ఏర్పాటు కొన్ని యంత్రములలో కలదు, దానిని వాడవలెను.

అమెరికాలోని ఎం.ఐ.టి. కృత్రిమ మేధా పరిశోధనాలయమున 1980 ప్రాంతమున జిరాక్సు సంస్థవారి లేజరు ప్రింటరొకటి వచ్చినది. అది వాడువారిలో పెక్కుమందికి వేరు అంతస్తులో నుండెడిది. కాగితము చిక్కుకొన్నచో వేచియున్న వారికందరికిని వార్త పోవునట్లు పాత ప్రింటరునకు రిచర్డు స్టాల్‌మన్ మున్నే ఏర్పాటు చేసియుండెను. క్రొత్తదాని ప్రోగ్రాము మూలమును ఇచ్చుటకు నిరాకరించుటచే అది సాధ్యపడలేదు. ఆయన 1983 లో స్వేచ్ఛా సాఫ్టువేరునకై ‘గ్ను’ ఉద్యమమును ప్రకటించుటకు దారితీసిన అనుభవములలో నిదియొకటి. అంతటి మేధావులకే మెట్లెక్కి దిగుట విసుగైనప్పుడు, గంటకును గంటకును నడుమ పరుగిడు మన ఉపాధ్యాయుల మాట వేరుగా చెప్పవలెనా?

మేము ఆరంబాకము దాటి అవతలి రాష్ట్రమున ఉపాధ్యాయ శిక్షణ పొందినవారము. అచ్చట తెలుగు ఫాంటు లేని కార్యాలయము వింత. ఇచ్చట అది లేకుండుట ఎవరి ద్వేషమువలనను కాదు. ఎవరును తమ పనిగా తలపకపోవుటవలన. చెన్నపట్టణమున వావిళ్లవారు 1854 లో ముద్రణాలయము స్థాపించి సీసపు అచ్చులతో తెలుగు గ్రంథములను వెలువరించిరి. ఆ పట్టణమునకు లోకల్ రైలు దూరమున నున్న మన గుమ్మిడిపూండిలో ఒక ఫాంటు కొరకు తెలుగు పుట ఆగుట మాకు రుచింపదు.

మన ఊరి సిప్కాట్ కర్మాగారముల కార్యాలయములలో పదుల కంప్యూటర్లకు ఒకటి రెండు ప్రింటర్లు పనిచేయుచున్నవి. వానిని చూచుకొను తండ్రులును అన్నలును మన పిల్లల యిండ్లలోనే యున్నారు. అర్ధసంవత్సర పరీక్షలకు ముందు ఒక శనివారము వారు ప్రధానోపాధ్యాయుల అనుమతితో వచ్చి, ప్రింటరు చిరునామాను స్థిరపరచి, ప్రతి కంప్యూటరులోను ఒకే తెలుగు ఫాంటును చేర్చి, పత్రమును ఫాంటుతో సహా పి.డి.ఎఫ్.గా భద్రపరచు విధమును ఉపాధ్యాయులకు చూపవలెనని కోరుచున్నాము. చందాల సొమ్ము కాగితమునకు చాలును.