ఎరువు బస్తాకు ఉన్న లెక్క కల్టివేటర్ టైన్‌కు ఎందుకు లేదు?



ఎరువు బస్తా మీద 20-20-0-13 అని రాసి లేకుంటే కొంటమా? కొనం. మరి కల్టివేటర్ టైన్ కొన్నప్పుడు అది ఏ ఉక్కో, అందులో కార్బన్ ఎంతో ఎవరూ చెప్పరు, మనమూ అడగం. తొలకరి పడంగనే అది విరుగుతది. అతికిస్తే మళ్లీ అతుకు పక్కనే విరుగుతది. తిట్లు మాత్రం వెల్డర్‌కు.

వెల్డింగ్ అంటే జిగురు పెట్టుడు కాదు. ఆర్క్ వేడికి రాడ్‌తో పాటు మన ఇనుము కూడా కొంత కరుగుతది. రెండూ కలిసి కొత్త ఉక్కు అయితది. కింది పొరలో మన ఇనుము పాలు ఎక్కువ, పైకి పోయినకొద్దీ రాడ్ పాలు ఎక్కువ. ఒకటే అతుకు, కింద ఒక తీరు, పైన ఒక తీరు. యాంగిల్, చానెల్‌కు ఇది పెద్ద లెక్క కాదు, వాటిలో కార్బన్ తక్కువ. కమాన్ పట్టీలో మాత్రం అర శాతం దాటి ఉంటది. దాన్ని మామూలు 6013 రాడ్‌తో అతికించి నీళ్లు పోసి చల్లార్చితే అతుకు పక్కన గాజు లెక్క పెళుసు అయితది. రాడ్ తడిగా ఉంటే ఇంకా నష్టం. పగులు అప్పటికప్పుడు కనబడదు, తెల్లారి కూడా రావచ్చు.

మన బాలాపూర్ పక్కనే కంచన్‌బాగ్‌లో మిధాని ఉంది, 1973లో పెట్టిన కేంద్ర ప్రభుత్వ కంపెనీ. ఇస్రో రాకెట్లకు ఉక్కు చేస్తది. గాలి లేని కొలిమిలో, అదే ఆర్క్‌తో, దిమ్మను మళ్లీ కరిగిస్తరు. ఈ కొస నుంచి ఆ కొసకు ఒకే తీరు ఉండాలని. మనకు అంత అక్కర లేదు. టైన్ మీద ఉక్కు రకం ఒక్క ముద్ర కొట్టమంటున్న, అంతే. కంపెనీలకు అది కష్టమా?

అప్పటిదాకా గ్రైండర్ పట్టి చూడండి. మెత్తని ఇనుమైతే నిప్పురవ్వలు పొడుగ్గా, సాఫుగా పోతయి. కార్బన్ ఎక్కువైతే చిచ్చుబుడ్డి లెక్క చిట్లుతయి. అట్ల చిట్లితే ఆరిన 7018 రాడ్ పెట్టుమనండి, ముందు ఇనుమును వేడి చేయించండి, అతికినంక బూడిదలో కప్పి మెల్లగా చల్లారనియ్యండి. రోటవేటర్ బ్లేడ్లను అతికించకండి, కొత్తవి ఏసుకోండి.

టైన్ విరిగితే ఒక పూట దున్నుడు ఆగుతది. ట్రాలీ హుక్ అట్ల కాదు. వడ్ల లోడ్‌తో రోడ్డు మీద ఊడితే ఎనక బైకు మీద వచ్చేటోడి గతి ఏంది? పగిలిన హుక్‌ను మళ్లీ అతికిస్తనంటే ఒప్పుకోకండి.