చక్రము నిలిచిననాడు

ప్రయాణము విలాసమనియు, దేశమున కాపద వచ్చినప్పుడు మొట్టమొదట మూయవలసిన దుకాణ మదియే యనియు వాదించు పెద్దలు మనలో నిప్పటికిని గలరు. వీరు గద్వాల కోటను జూడవచ్చు యాత్రికుని మాత్రమే యెరుగుదురు. పుణెకును బొంబాయికిని కూలికై పోవు పాలమూరు బిడ్డ నెరుగరు.

2020 మార్చి 24వ తేది రాత్రి ఎనిమిది గంటలకు ప్రకటన వెలువడెను. అర్ధరాత్రి దేశము స్తంభించెను. నడుమ నాలుగు గంటల వ్యవధి! రైళ్లంతకు ముందే నిలిచినవి. బస్సులు డిపోలలో బారులు దీరియుండ, కూలివారు నెత్తిన మూటలతో 44వ నెంబరు జాతీయ రహదారిపై కాలినడకన సాగిరి. బండి యున్నది, తోలువాడున్నాడు, దారి యున్నది. ఎక్కించుకొనుట మాత్రమే నేరమయ్యెను. కూలివారి తొలి ప్రత్యేకపు రైలు లింగంపల్లినుండి హతియాకు మే 1న గాని కదలలేదు. మన జిల్లాల బస్సులు మే 19న గాని రోడ్డెక్కలేదు.

వ్యాధి బండి నెక్కి వచ్చునందురు. నిజమే, కాదనము. కాని నడచువాని వెంట రాదా? మే నెలలో తీసికొనిన జాగ్రత్తలు మార్చిలో నేల తీసికొనరాదు?

వనపర్తికి రైలు లేదు. ఆ పేరిటి స్టేషను మదనాపురము కడ నున్నది. నాగర్‌కర్నూలు పట్టణమున కదియు లేదు. గద్వాల–మాచర్ల మార్గము కోరికగనే మిగిలినది. ఇట్టి సీమలో బస్సు నిలుచుటయన, గర్భిణికి ఆసుపత్రి మూతపడుటయే.

2021 మే నెలలో మరియొక చోద్యము జరిగెను. గద్వాల జిల్లా సరిహద్దున పుల్లూరు కడ, కర్నూలు వైపునుండి హైదరాబాదునకు రోగులను గొనివచ్చు అంబులెన్సులను నిలిపి, అనుమతి పత్రము చూపుమనిరి. తుంగభద్ర కావలివారు తెలుగువారు కారా? మే 14న ఉన్నత న్యాయస్థాన మా యుత్తరువు నాపవలసి వచ్చెను. ఆ రోగులను మోయుటకు సాహసించిన డ్రైవర్ల కెవరు సన్మానము చేసిరి?

అప్పుచేసి కిరాయి కారు కొనిన యువకుని మాట యెవరికి గావలెను! వాయిదాలను 2020 ఆగస్టు 31 వరకు ఆపవచ్చునని రిజర్వు బ్యాంకు సెలవిచ్చినది. వడ్డీ మాత్ర మాగలేదు. బండి చక్రము నిలిచినను వడ్డీ చక్రము తిరుగుచునే యుండెను.

కావున ప్రతి డిపోలోను విపత్కాలమునకై కొన్ని బస్సులు ముందుగనే కేటాయింపబడవలెను. డ్రైవర్లు, కండక్టర్లు వైద్యులతో సమానముగ అత్యవసర సేవకులని గుర్తింపబడి, టీకాయు జీతమును బీమాయు పొందవలెను. ప్రభుత్వాజ్ఞచే బండి నిలిచిన దినములకు వడ్డీ మాఫీ కావలెను. ఈ మూడు జిల్లాల ప్రతినిధులు శాసనసభలో దీని నడుగుదురా, లేక మరల మూటలు నెత్తికెక్కు దినమువరకు నూరకుందురా?