చేతిపనికి వెల

జమ్మలమడుగు చేరువనున్న గండికోటలో ఉత్సవములు జరుగునప్పుడు చేతిపనుల అంగడి పెట్టవచ్చునా యని కొందఱు మమ్మడిగిరి. తప్పక పెట్టుడు. కాని వెల నిర్ణయించుకొనక బయలుదేరకుడు.

మేము మొదటిసారి ఒక సంతలో పాతచీరల బొంతలు పఱచి కూర్చుంటిమి. దారము ఖర్చు మాత్రమే లెక్కించి వెల చెప్పితిమి. నాలుగును గంటలో అమ్ముడుపోయినవి. ఎంత సంతసించితిమో! ఇంటికి వచ్చి లెక్క చూడగా, నెల దినములు కుట్టిన మా కూలి అందులో లేనే లేదు. ఇంటిచాకిరి వలెనే దీనిని గూడ ఉచితముగా ఇచ్చివేసితిమి.

గండికోటకు వచ్చువారు పెన్నలోయను, సూర్యాస్తమయమును చూడ నడచి తిరుగువారు, బొంత మోయరు. చిన్న సంచులు, గలీబులు మేలు. లోయగాలికి గుడ్డలెగిరిపోవును, పైనుంచుటకు రాళ్ళకచ్చట కొదువలేదు.

ధర్మవరము దగ్గరి నిమ్మలకుంట తోలుబొమ్మలవారిని చూడుడు. ఆటకు ఆదరణ తగ్గగా అదే తోలుతో దీపపు తొడుగులు చేసిరి. ఆ యూరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ లభించినది. దీపము వెలిగించినగాని ఆ తొడుగుల యందము తెలియదు. మీరును పని కనబఱచుడు; అంగడిలో ఒక సంచి కుట్టుచునే కూర్చుండుడు. “ఇంత వెలయా?” యన్నవారికి ఎన్ని దినములు పట్టినదో చెప్పి ఊరకుండుడు. అప్పటికిని సగానికిమ్మన్నచో, మడిచి ఇంటికి తెచ్చుకొనుడు. సంచి అక్కఱపడని ఇల్లు గలదా?